కాయితం మీద లేని దర్వాజ

గద్వాల ఆఫీసుల నాకు ఇచ్చిన బల్లకు ఒక కాలు పొట్టి. గీత జర వంకర పోయినా నాకు కోపమొస్తది కాబట్టి, చేరిన రోజే దాని కింద అట్టముక్క మడిచి పెట్టుకున్న. నేను డ్రాఫ్ట్స్‌మన్‌ను. ఊర్లల్ల సర్కారు కట్టే బిల్డింగుల నక్షలు గీసుడు నా పని. రెండువేల సంవత్సరం దాటి కొన్నేండ్లయిన కాలం అది. కంప్యూటర్ల గీసేటోళ్లు హైదరాబాదుల ఉండిరి గాని, ఆ యంత్రం మా దాక ఇంక రాలేదు. ట్రేసింగ్ పేపరు, ఇంకు పెన్ను, బ్లేడు, గివే నా సామాన్లు. తప్పు గీస్తె బ్లేడుతోని గీకి మల్ల గీయాలె. నేను గీకుడు తక్కువ. ఆ పొగరు నాకు మస్తుగ ఉండె.

ఒకరోజు హైదరాబాదు నుంచి పొడుగాటి రేకు గొట్టం వచ్చింది. అండ్ల చుట్ట చుట్టిన నక్ష, దానికి పిన్ను కొట్టిన ఆర్డరు. ఇగ మీదట ఊర్లల్ల సర్కారు ఏ బిల్డింగు కట్టినా ఒక్కటే రూపం ఉండాలె అని దాని సారాంశం. ముందట నాలుగు పిల్లర్లు. నడిమిట్ల కమాను. కమాను కింద దర్వాజ, దానికి అటొక కిడికి ఇటొక కిడికి. పైన పిట్టగోడ మీద ముక్కోణం. గోడకు గంధం రంగు, పిల్లర్లకు ఇటుక రంగు. మొకం రోడ్డు దిక్కే ఉండాలె. వెనుక గోడకు రెండు చిన్న కిడికీలు తప్ప ఏం ఉండొద్దు. ఇంచు మార్చాలన్నా కారణం రాసి, మార్చిన నక్ష గీసి, పైకి పంపి మంజూరు తెచ్చుకోవాలె. మంజూరు లేకుండ మార్చింది ఏదున్నా తీసేయాలె.

మా ఇంజనీరు సారు అదంత చదివి కండ్లద్దాలు తీసిండు. "బిల్డింగులకు కూడ స్కూలు డ్రెస్సు కుట్టిచ్చిండ్రు పో" అన్నడు.

అందరు నవ్విండ్రు. నేను నవ్వలేదు. నాకు ఆ నక్ష నచ్చింది. ఎడమ సగాన్ని మడిచి కుడి సగం మీద పెడితె గీత మీద గీత కూసుంటది. మనుషుల కంటె నయమని అనిపించింది. మాది పెబ్బేరు దిక్కు. మా అంగట్ల ఎద్దును కొనేటోడు పండ్లు చూస్తడు, గిట్టలు చూస్తడు, నాలుగు అడుగులు నడిపించి చూస్తడు. సర్కారు మాత్రం మొకం చూసి కొంటదని నాకు ఆ ఆర్డరుతోని తెలిసింది. తెలిసి కూడ నచ్చింది.

రెండేండ్లల్ల ఆ మొకం అంతట మొలిచింది. వనపర్తి దిక్కు పోయినా అదే, నాగర్‌కర్నూలు దిక్కు పోయినా అదే. ఊరి పేరు చూసుకోకుంటె ఏ ఊర్ల బస్సు దిగిన్నో నాకే తెల్వకపోయేది. కోడేరు దిక్కు ఒక ఊర్ల ఒక పెద్దాయన జబ్బు చేసిన బర్రెను తోలుకొచ్చి, పశువుల దవాఖాన అనుకొని పంచాయతీ ఆఫీసు మెట్లెక్కించిండు. నేను అప్పుడు ఆ పక్కనే టేపు పట్టుకొని ఉన్న. లోపటి గుమాస్తా కుర్సీల నుంచి లేచి, "ఏందయ్యా ఇది, దఫ్తరనుకున్నవా కొట్టమనుకున్నవా!" అని కొట్లాటకొచ్చిండు. పెద్దాయన ఏం జంకలేదు. "రెండూ ఒక్కతీర్గ కట్టి నన్నంటవేంది? బోర్డు చదువుదమంటె నాకు రాదాయె, నా బర్రెకు రాదాయె" అన్నడు. బర్రె మాత్రం కమాను కింద నీడకు హాయిగ నిలవడ్డది.

గిదంత నవ్వుకునే సంగతి. నవ్వుకునేది కాని సంగతి గట్టు మండలం దిక్కు ఒక ఊర్ల జరిగింది. దాన్ల నా చెయ్యి ఉంది.

ఆ ఊరికి పంచాయతీ బిల్డింగు మంజూరైంది. మా ఆఫీసుల కట్టేకాడ పని చూసుకునే మనిషి పోస్టు ఖాళీగ ఉండె, ఆ పని కూడ నా మెడకే పడ్డది. పొద్దుటి బస్సుకు పోయి మూడు గంటల బస్సుకు తిరిగి రావాలె. ఆ బస్సు తప్పితె ఇంకో బస్సు లేదు. చుట్టూ ఎర్రమట్టి, కంది, ఆముదం. వాన పడ్డేడు జనం ఊర్ల కనపడేటోళ్లు, పడని ఏడు మూట కట్టుకొని కూలికి యాడికో పోయేటోళ్లు.

జాగ ఎట్లుండెనో చెప్పాలె, లేకుంటె ముందటిది అర్థం కాదు. పాత చావడి కూలిన జాగ అది. దక్షిణం దిక్కు రోడ్డు. ఉత్తరం దిక్కు మాదిగ గేరి. గేరి అంటె వాడ, కర్ణాటక పక్కనే ఉంటది కాబట్టి ఆ మాట ఇటు కూడ నడుస్తది. తూర్పుకు సర్పంచు ఇంటి పశువుల దొడ్డి గోడ. పడమరకు ఆయన పాలోళ్ల, అంటె దాయాదుల, గడ్డిదొడ్డి గోడ. రెండు గోడల నడుమ నేను టేపు పట్టి కొలిస్తె, నక్ష వెడల్పు పోను అటు జానెడు, ఇటు జానెడు మిగిలింది. పిల్లి దూరొచ్చు గాని మనిషి దూరడు. పాత చావడి కూడ గట్లనే గోడకు గోడ ఆనించి కట్టిండ్రు. దాని వీపు గేరి దిక్కు ఉండె.

అందుకే గేరోళ్లు రోడ్డెక్కాలంటె గేరి చివరి దాక పోయి, పెద్దోళ్ల వీధిలకు తిరిగి, ఆ వీధంత నడిచి రావాలె. వీధికి అటు మూడు, ఇటు మూడు ఇండ్లు, ఇంటింటికి ఎత్తు అరుగు. ఆ అరుగుల ముందర్నుంచి పోయేటప్పుడు గేరోళ్లు చెప్పులు ఇప్పి చేతిల పట్టుకునేటోళ్లు. ఇప్పుమని ఎవ్వరు అనరు. ఎందుకు ఇప్పుతున్నవని ఎవ్వరు అడగరు. మొదటిసారి చూసినప్పుడు మా మేస్త్రిని అడిగిన. వనపర్తి నుంచి వచ్చిన మేస్త్రి ఆయన, ఊరూరు తిరిగినోడు. "మన ఊర్లల్ల లేదా సారు? నువ్వు చూడలేదంతె" అన్నడు. చూడలేదన్నది నిజమే. నేను గోడలు చూసేటోణ్ణి.

ఇసుక జల్లెడ పట్టనీకి గేరి నుంచి ఒకామె వచ్చేది. నలభై ఐదేండ్లుండొచ్చు. పెనిమిటి చనిపోయిండు. కూసోని చేసే పనైతెనే చేస్తదని మేస్త్రి ముందే చెప్పిండు. వయసుల ఉన్నప్పుడు గుంపుతోని కాలువ తవ్వనీకి పోతె మట్టిపెళ్ల కూలి మీద పడ్డదట. కుడికాలు విరిగి, అతుకుడు మూడించులు పొట్టిగ అతికింది. ఆ కాలుకు పెద్ద దవాఖానల కొలతిచ్చి చేయించుకున్న చెప్పు ఉండె, మూడించుల మందం అట్ట, మీద నల్ల పట్టీలు. ఆ చెప్పు ఉంటె అందరు నడిచినట్లే నడిచేది. ఇప్పితె ఒక్కో అడుగుకు నడుం కుంగి, లేచి, మల్ల కుంగి, చూసేటోళ్లకే నొప్పి పుట్టేటట్లు పోయేది. గోడ పట్టుకుందమంటె అవి ఆమె పట్టుకునే గోడలు కావు. నెలకోపారి పింఛను తెచ్చుకోనీకి, దుకాణానికి, బస్సుకు, అన్నిటికి ఆ వీధే.

నాకు మామూలుగ కూలోళ్లతోని మాటలుండవు. ఆమె ఊకుండేది కాదు. "సారు, రోజంత గా కాయితం మీద ఏం గీస్తవు? చేన్ల సాలు పెట్టినట్లుంది" అనేది. ఒకరోజు నా బల్ల సంగతి చెప్పిన, కాలు పొట్టి, కింద అట్ట పెట్టుకున్న అని. జల్లెడ కింద పెట్టి నవ్వింది, కండ్లల్ల నీళ్లు వచ్చిందాక నవ్వింది. "నీ బల్లకు నాకు ఒక్కటే రోగం సారు. నీది ఇంట్ల కూసుంటది, నేను రోడ్డెక్కాలె, గంతే ఫరకు" అన్నది.

పునాది లేసి గోడలు మోకాలెత్తు వచ్చినప్పుడు సర్పంచు వచ్చిండు, ఎంట పంతులును తోలుకొని. సర్పంచు మంచి ఎత్తరి, గొంతు ఇంక ఎత్తు. పంతులు ఎండకు చెయ్యి అడ్డం పెట్టి సూర్యుణ్ణి చూసిండు, దర్వాజకు ఇడిచిన సందును చూసిండు, నాలుక కరుచుకున్నడు.

"దక్షిణం దర్వాజనా? ఊరేం కావాలె?" అన్నడు సర్పంచు.

"పటేలా, రోడ్డు అటే ఉంది. మొకం రోడ్డు దిక్కే ఉండాలెనని ఆర్డరు" అన్న నేను.

"రోడ్డును జరుపుమంటలేను గదయ్యా. దర్వాజను జరుపు."

"దర్వాజ జరిపితె మొకం చెడ్తది. మొకం చెడితె పైకి మేం జవాబు చెప్పాలె."

గంటసేపు గిదే. చివరికి మేస్త్రి ఉపాయం చెప్పిండు. ముందట దర్వాజ, తలుపులు, కమాను అన్నీ నక్ష ఎట్లుంటె అట్లనే పెడుదం. తాళం ఏసి ఊకుందం, అది సర్కారుకు చూపెట్టనీకి. వెనుక గోడకు ఇంకో దర్వాజ తెరుద్దం, అది మనుషులు నడువనీకి. పంతులు మొకం విచ్చుకున్నది. ఉత్తరం కుబేరుని దిక్కు, దాన్ని మించిన దర్వాజ లేదన్నడు. సర్పంచు సరేనన్నడు.

ఉత్తరం దిక్కు ఏముందో ఆయనకు తెల్వదా అంటె తెలుసు. ఆ ఊర్లనే పుట్టిండు. కాని ఆయన మనసుల అది ఊరి వెనుక, గంతే. ఆ దిక్కు నడిచిపోయే పని ఆయనకు జన్మల పడలేదు, అందుకే యాదికి రాలేదు. నాకు యాదికి వచ్చింది. నేను చెప్పలేదు, నాకెందుకని.

ఇసుక కుప్ప కాడ జల్లెడ ఆగింది. వాళ్లు పోయినంక ఆమె లేచి వచ్చింది. "సారు, దర్వాజ మా దిక్కు పెడుతుండ్రా?"

"ఆఁ."

"ఉత్తగ అంటున్నవా, నిజంగనా?"

నేను టేపు ఒక కొస ఆమె చేతికిచ్చి, ఆమె ఇంటి గడప కాడ పట్టుకోమన్న. కొత్త దర్వాజ వచ్చే కాడికి ముప్పై రెండు అడుగులు. అయినంక నాకేం పుట్టిందో ఏమో, గేరి చుట్టు తిరిగి, వీధంత నడిచి, రోడ్డు మీది మెట్ల దాక కూడ కొలిచిన. నాలుగు వందల పది. రెండు లెక్కలు చెప్పిన. ఆమెకు అంకెలతోని పని లేకుండె. "మూడు ఇటు, మూడు అటు, పింఛనుకొస్తె ఆరు అరుగులు తప్పినట్లే గద?" అన్నది.

"తప్పినట్లే" అన్న.

బిల్డింగు పూర్తయింది. సున్నం రంగులు పడ్డయి. ఇగ మిగిలింది నా పని. కట్టింది కట్టినట్లు నక్ష గీసి పైకి పంపాలె. ఎనుక దర్వాజ పెట్టినం కాబట్టి మార్చిన నక్ష గీయాలె, కారణం రాయాలె. రెండు దినాల పని. గీసి పంపితె పైనుంచి ప్రశ్నలొస్తయి, మల్ల జవాబు రాయాలె. మంచి ఎండాకాలం, పైన ఫ్యాను తిరుగుతలేదు, చెమట చుక్క ఇంకు మీద పడితె పొద్దంత గీసింది పోతది. నా కాడ అసలు నక్ష ప్రింటు ఒకటి తయారుగ ఉండె. దాని కింద 'నక్ష ప్రకారం కట్టబడినది' అని రాసి, నా పొట్టి సంతకం పెట్టి పంపిన.

నిజం చెప్పాలంటె ఎండ ఒక్కటే కాదు. ఆ వెనుక గోడ గీత నక్షల సాఫుగ ఉంటది, ఈ కొస నుంచి ఆ కొసకు, రెండు చిన్న కిడికీలు తప్ప ఏం లేకుండ. దాన్ని నడుమకు తెంపి బొంద పెట్టబుద్ధి కాలేదు. గిదీ నా తెలివి. ఇంజనీరు సారు చూడకుండనే సంతకం చేసిండు, నేను గీసింది ఆయన ఎన్నడు చూడలేదు.

బిల్డింగు తెరిచిన రోజు నేను పోయిన. పెద్దోళ్లంత తెల్లబట్టలు కట్టుకొని రోడ్డు మీద జమయిండ్రు. ముందట తాళం. అప్పుడు సమజయింది వాళ్లకు. లోపటికి పోవాలంటె వీధంత నడిచి, మూల తిరిగి, గేరిలకు రావాలె. అదే నాలుగు వందల పది అడుగులు, ఎనుకకు. ఒకని మొకం ఒకడు చూసుకున్నరు. వెనుకకు పోతె పరువు తక్కువ, నిలవడితె ముహూర్తం పోతది. సర్పంచు పంచె అంచు పట్టుకొని నడిచిండు, మిగిలినోళ్లు ఎంట పడ్డరు. గేరిల ఆడోళ్లు గడపల కాడ నిలవడి చూస్తుండ్రి. ఇసుక జల్లించినామె అందరి ముందట నిలవడి, "రాండ్రి పటేలా, ఈడ జర తడి ఉంది, చూసి అడుగెయ్యుండ్రి" అన్నది, పెండ్లికి వచ్చినోళ్లను పిలిచినట్లు. నాకు నవ్వు ఆగలేదు, గోడ దిక్కు తిరిగిన. ఆ రోజు గేరిలకు వచ్చిన పెద్దోళ్లెవ్వరు చెప్పులు ఇప్పలేదు, ఇప్పుమని ఎవ్వరు అనలేదు.

మూడు నెలలు గట్లనే నడిచింది. సర్పంచు దఫ్తరుకు వచ్చుడే తక్కువైంది. అయినంక పంతులుకు ఇంకో శాస్త్రం యాదికొచ్చింది. దక్షిణం గడప కింద రాగి రేకు పరిస్తె దోషం పోతదట. రేకు పరిచిండ్రు, ముందటి తాళం తీసిండ్రు. ఊరు బాగుపడ్డది.

గాని రెండు దర్వాజలు ఎదురుబొదురుగ తెరుచుకుంటె ఏమైతది? బాట అయితది. గేరోళ్లు వెనుక నుంచి లోపటికొచ్చి, నాలుగు అడుగులు బండల మీద నడిచి, కమాను కిందికెళ్లి రోడ్డు మీద పడుతుండ్రి. కూలికి పోయేటోళ్లు, బస్సుకు పోయేటోళ్లు అందరు. నేను ఒకపారి వానకు స్లాబు ఊరుస్తదని అంటె చూడనీకి పోయిన. లోపట నిలవడి పైకి చూస్తున్న. వెనుక నుంచి చప్పుడు, టక్కుమని ఒకటి గట్టిగ, ఒకటి మెల్లగ. ఆమెనే. చేతిల సంచి, కాళ్లకు రెండు చెప్పులు.

"సారు! మంచిగున్నవా? నిన్న గద్వాలకు పోయొచ్చిన" అన్నది.

"దవాఖానకా?"

"దవాఖానకు కాదు. ఉత్తగనే. అంగడి చూసొచ్చిన. ఇంట్ల తొడిగిన చెప్పు మల్ల ఇంటికొచ్చినంకనే ఇప్పిన." అట్ల చెప్పి కమాను కిందికెళ్లి పోయింది. ఆమె మొకంల అంత సంబరం చూసి నాకు కూడ సంబరమైంది, అది నేనే చేసినట్లు.

సర్పంచుకు అది కండ్లల్ల పడ్డది. "దఫ్తరా ఇది, బాటనా?" అని గుమాస్తా మీద ఎగిరిండట. గేరోళ్లను రావొద్దనలేడు, సర్కారు బిల్డింగాయె. గాని ఆ ఊర్ల ఆర్డరును అందరికంటె మంచిగ చదివింది ఆయనే అని తర్వాత తెలిసింది. వెనుక గోడకు రెండు చిన్న కిడికీలు తప్ప ఏం ఉండొద్దనే మాట పట్టుకున్నడు. సర్కారు చెప్పిన రూపం మా ఊర్ల చెడిపోయింది, సరిచేయాలెనని పైకి అర్జీ పెట్టిండు. ఆ దర్వాజ పెట్టిచ్చిందే ఆయన. అది అర్జీల రాయలేదు.

పై ఆఫీసరు ఊర్లకు వచ్చిండు. నన్ను ఫైలు తీసుకొని రమ్మన్నరు. ఆఫీసరు చెడ్డోడు కాదు, సన్నగ, మెత్తగ మాట్లాడే మనిషి. బెంచీ మీద నక్ష పరిచి, నాలుగు మూలల నాలుగు రాళ్లు పెట్టి, వెనుక గోడ గీత మీద ఏలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు జరిపిండు. యాడ ఆగలేదు. ఆగనీకి అండ్ల ఏం లేదు.

"దర్వాజ యాడుందయ్యా ఈ నక్షల?" అన్నడు.

"లేదు సార్."

"కింద సంతకం నీదే గద?"

"నాదే సార్."

గేరి జనం వెనుక దర్వాజ బయట గుంపు కట్టి ఉండిరి. ఆమె ముందటికి వచ్చింది. "సారు, గా సారే కొలిచి పెట్టిచ్చిండు. నాతోనే టేపు పట్టిచ్చిండు. అడుగుండ్రి" అని నా దిక్కు చెయ్యి చూపించింది. అందరు నన్ను చూసిండ్రు. నేను నక్షను చూసిన.

ఆఫీసరు నన్ను కమాను కిందికి పక్కకు పిలిచిండు. "నువ్వు అప్పుడే మార్చిన నక్ష గీసి పంపి ఉంటె అయిపోతుండె. జాగ ఇట్లుంది, వెనుక మనుషులున్నరని రెండు ముక్కలు రాస్తె మంజూరు ఇచ్చేటోళ్లం. ఇంకో రెండు మూడు ఊర్లకు ఇచ్చినం కూడ" అన్నడు.

"ఇప్పుడు గీసి పంపుత సార్" అన్న.

"ఇప్పుడు పంపితె, అప్పుడు పంపింది అబద్ధమని నువ్వే రాసిచ్చినట్లు. సస్పెండు అయితవు. పంపుతనంటె పంపు, నేను వద్దంటలేను." అట్ల అని నా జవాబు కోసం ఆగిండు. నిజంగనే ఆగిండు. నేను ఇద్దరు ఆడపిల్లల తండ్రిని, కొత్తగ పర్మనెంటైన. గివన్ని అప్పుడు తలకాయల తిరిగినయని చెప్పుకుంట గాని, అసలు తిరిగింది ఒక్కటే, భయం. నేను ఫైలు తాడు ముడి ఏసుకున్న. ఆయన నక్ష చుట్ట చుట్టి నా చేతిల పెట్టి, "అయితె మూసెయ్యుండ్రి" అన్నడు.

మూసే పనికి నన్నే పంపిండ్రు. అదే మేస్త్రి వచ్చిండు. ఇసుక జల్లించనీకి అదే ఆమెను పిలిచిండు. అరె, ఈమెను ఎందుకు పిలిచినవని కసిరితె, "కూసోని చేసే పని ఆమెది. పిలువకుంటె ఆ కూలి కూడ పాయె" అన్నడు. ఆమె వచ్చింది, జల్లెడ పట్టింది. చౌకట్లు ఊడదీసిండ్రు. మూడు వరుసలు, ఆరు వరుసలు, ఇటుక మీద ఇటుక లేసింది. దర్వాజ సందుల నుంచి కనపడే రోడ్డు మెల్లగ తగ్గుకుంట పోయింది. నేను గేరి దిక్కే నిలవడి చూస్తున్న, గోడ పాత గోడకు సమానంగ వచ్చిందా లేదా చూడాలె గద.

పై వరుస పడేటప్పుడు ఆమె చేతులు దులుపుకొని లేచింది. "కాయితం మీద మా దర్వాజ గీయలేదంట గద సారు?"

"లేదమ్మ."

"మరిచిపోతివా?"

"మరిచిపోయిన" అన్న. ఆ అబద్ధం కూడ చెప్పిన.

ఆమె కోపం చేయలేదు, తిట్టలేదు. తిడితె బాగుండు. "నీ బల్ల కింద అట్ట పెట్టుకునేది మాత్రం మరువలేదు" అన్నది.

గిన్నేండ్లయినా, బల్ల కాడ కూసుంటె ఆ మాట ఇనపడ్తది.

రెండున్నర దాటింది. నేను రోడ్డు మీదికి పోయి బస్సెక్కాలె, ఆమె దుకాణానికి పోవాలె. మా ముందట గోడ ఉండె. కాబట్టి ఇద్దరం గేరి చివరికి నడిచి, మూల తిరిగినం. వీధి మొదటి అరుగు మీద సర్పంచు ఇంటోళ్లు ఇద్దరు కూసోని ఉండిరి. ఆమె ఆగింది. వంగి నల్ల పట్టీలు ఇప్పింది, ముందు కుడిది, తర్వాత ఎడమది. రెండు చేతిల పట్టుకొని అడుగేసింది. నడుం కుంగింది, లేచింది. నా కాళ్లకు బూట్లుండె. నేను ఆమె పక్కన మెల్లగ నడువనీకి చూసిన. ఆమె ఒక అడుగేసే లోపట నాది మూడడుగులు పడుతుండె.

రోడ్డు దిక్కు బస్సు హారను ఇనపడ్డది.

"బస్సొచ్చింది, పో సారు" అన్నది ఆమె, తల ఎత్తకుండ.

నేను పోయిన. ఉరుక్కుంట పోయి ఎక్కిన. కిడికి పక్క సీటు దొరికింది. బస్సు ఆ వీధి ముందర్నుంచి పోయేటప్పుడు చూస్తె, ఆమె ఇంక మూడో అరుగు కాడ ఉంది, చెప్పులు చేతిల, గోడకు చెయ్యి తగలకుండ జరుగుకుంట. ఒడిల నక్ష ఉండె. ఇప్పిన. వెనుక గోడ గీత ఈ కొస నుంచి ఆ కొసకు సాఫుగ ఉంది, రెండు చిన్న కిడికీలు తప్ప ఏం లేదు. నేను పంపిన నక్ష ఆ దినం నుంచి నిజమైంది.